బొప్పాయికి మైలుతుత్తం

ఆ శుక్రవారం ఉదయం విస్తిన్ పెట్టుకున్న పనులు మూడే. ఎండ ముదరకముందే పెరట్లో బొప్పాయి చెట్టుకు మందు కొట్టడం, బండి వస్తే రెండు రొట్టెలు తీసుకోవడం, పదింటికి ఎర్ర క్లబ్బుకు వెళ్ళి ఆదివారం ఊరేగింపులో మోయాల్సిన పల్లకి బొంగు కింద ఒకసారి భుజం పెట్టి చూసుకోవడం. మధ్యాహ్నం కునుక్కి అడ్డొచ్చేది ఏదీ లేదని లెక్క వేసుకుని, ఉత్సాహంగా చొక్కా విప్పి మేకుకు తగిలించాడు.

మా హల్ బోర్దిన్ ఊళ్ళో మనుషులు రెండు రకాలు, ఎర్రవాళ్ళు, నీలంవాళ్ళు. ఎర్రవాళ్ళ దేవుడు సాన్ రోక్కు ఆగస్టులో ఊరేగుతాడు. నీలంవాళ్ళ దేవుడు సాన్ మత్తేవ్ సెప్టెంబరులో ఊరేగుతాడు. ఎవరి క్లబ్బు వాళ్ళది, ఎవరి బ్యాండు వాళ్ళది, ఎవరి బాణసంచా వాళ్ళది. చర్చి ఒక్కటే కావడం వల్ల దాన్ని మాత్రం పళ్ళు కొరుక్కుంటూ పంచుకున్నారు. ఎర్ర ఇంట్లో పుట్టినవాడు నీలం చొక్కా తొడగడు, నీలం బకెట్టు కొనడు. విస్తిన్ ఇంట్లో అయితే మాల్టా చుట్టూ ఉన్న సముద్రం గురించి మాట్లాడేటప్పుడు కూడా దాని రంగు ఎత్తరు.

అలాంటి ఇంట్లో పుట్టిన విస్తిన్‌కు సాన్ రోక్కు పల్లకిలో ముందు వరస ఎడమ చోటు ఉంది. వాళ్ళ నాన్న ముప్ఫై ఒక్క ఏళ్ళు మోసిన చోటు. ఆయన చనిపోయిన ఏడాది నుంచి విస్తిన్ మోస్తున్నాడు, ఇరవై ఎనిమిదేళ్ళుగా. ఎడమ భుజం మీద కోడిగుడ్డంత కాయ కాసింది. అలాంటి కాయను మా ఊళ్ళో ‘రొట్టె’ అంటారు. ఆ రొట్టె ఉన్నవాడు బారులోకి వస్తే కుర్చీ దానంతటదే ఖాళీ అవుతుంది. డాక్‌యార్డులో ఫిట్టరుగా రిటైరయ్యాక అతనికి లోకంలో మిగిలిన గౌరవం ఆ ఒక్క చోటే.

రిటైరయ్యాక పట్టిన పిచ్చి మాత్రం బొప్పాయి. ఎప్పుడో కుర్రతనంలో కొలంబో ఓడ ఇంజను విప్పుతుండగా, ఆ ఓడ వంటమనిషి ఒక బొప్పాయి ముక్క అతని చేతిలో పెట్టాడు. మడ్డి నూనె వాసనతో కలిపి తిన్న ఆ ముక్కను విస్తిన్ నాలిక మరిచిపోలేదు. రిటైరైన నెలలోనే ఒక కాయ కొని, గుజ్జంతా భార్య జుజెప్పాకిచ్చి గింజలు తను తీసుకున్నాడు. మొదటి ఏడాది గింజల్ని ఉన్నవి ఉన్నట్టే పాతాడు. ఒక్కటీ మొలవలేదు. గింజ చుట్టూ ఉండే జిగురు తిత్తి తీసెయ్యాలని తర్వాత తెలిసింది. రెండో ఏడాది టీ వడపోసే జల్లెడలో వేసి రుద్ది, కడిగి, నీడలో ఆరబెట్టి, పెరుగు డబ్బాల్లో నాటాడు. నలభై మొలిచాయి. జనవరి వానలకు నలభై నలభైయ్యీ ఒక్క వారంలో మెడలు వాల్చేశాయి. చలికి పోయాయని ఊరంతా పరామర్శించింది. “చలి కాదు, తడి! వేళ్ళు కుళ్ళాయి!” అని విస్తిన్ పరామర్శకు వచ్చిన ప్రతివాడికీ వేరు పీకి చూపించాడు.

మూడో ఏడు తెలివి తెచ్చుకున్నాడు. దక్షిణం వైపు ముఖం పెట్టిన సున్నపురాతి గోడ పక్కన రాళ్ళూ ఇసుకా మట్టీ కలిపి మోకాలెత్తు దిబ్బ పోశాడు. దాని మీద మూడు మొక్కలు. చలికాలమంతా ప్లాస్టిక్ గుడారం, మొదళ్ళ చుట్టూ గడ్డి, పైన జుజెప్పా పెళ్ళినాటి ఉన్ని దుప్పటి. పూత వచ్చాక రెండు పోతుచెట్లని తేలింది. మూడోది మాత్రం నిలబడి, పదడుగులు పెరిగి, పదకొండు కాయలు కాసింది. కాయలకు పండు ఈగ సోకకుండా జుజెప్పా పాత పక్కదుప్పట్లు చింపి పదకొండు తెల్ల సంచులు కుట్టి ఇచ్చింది. గోడ మీదుగా వీధిలోకి కనిపించే ఆ చెట్టును చూసి, “ఇదిగో, విస్తిన్ పుచ్చకాయల చెట్టు, బనీన్లు ఆరేసుకుంది” అని జనం నవ్వేవారు.

ఆ వారమే ఆకుల మీద తెల్లటి బూడిద కనిపించింది. మా ద్వీపంలో ద్రాక్షకు ఏం వచ్చినా మైలుతుత్తమే కొడతారు. ఆకు ముడుచుకున్నా, కాయ రాలినా, యజమానికి తుమ్ములొచ్చినా అదే మందు. ద్రాక్షకు పనికొచ్చింది బొప్పాయికి పనికిరాకపోతుందా అనుకున్నాడు విస్తిన్. మోతాదు దగ్గర ఒక్క నిమిషం ఆలోచించాడు. ద్రాక్ష తీగ బొటనవేలంత లావు. బొప్పాయి మాను తన తొడంత లావు. ఆ లెక్కన అగ్గిపెట్టెడు వెయ్యాల్సిన చోట ఐదు అగ్గిపెట్టెలు వేశాడు. సున్నం కలిపి కర్రతో తిప్పితే బాల్చీలో ఆకాశం ఊరింది.

చర్చికి బయలుదేరుతూ జుజెప్పా గుమ్మంలోంచి కేకేసింది. “ఏమయ్యా, మోతగాళ్ళ అంగీలు ఎనిమిదీ ఉతికి మేడ మీద ఆరేశాను. గాలి లేస్తే ఓ కన్నేసి ఉంచు.”

ఏటా పల్లకి మోసే ఎనిమిదిమంది తెల్ల అంగీలనూ ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసేది జుజెప్పానే. ఆ ఇంటికి అదొక హక్కు.

“ఊఁ” అన్నాడు విస్తిన్. అప్పటికతను స్ప్రేయరు గొట్టానికి చెవి ఆనించి, ఆ అరిగిపోయిన నాజిల్లో ఏం గురగురలాడుతోందో వింటున్నాడు.

బూడిద తెగులు ఆకు అడుగున దాక్కుంటుంది కాబట్టి గొట్టం పైకెత్తి కొట్టాలి. విస్తిన్ పైకెత్తి కొట్టాడు. చెట్టు తడిసింది, గోడ తడిసింది, తెల్ల సంచులు పదకొండూ ఆబగా తాగాయి. వాయవ్యం గాలి మెల్లగా లేచి, మిగిలిన తుంపరను పొదుపుగా పోగు చేసి మేడ మీదికి తీసుకుపోయింది. అరగంటలో పని అయిపోయింది. వెనక్కి జరిగి చూసుకుంటే తన చెట్టు పచ్చి నీలం రంగులో మెరిసిపోతోంది. మందు బాగా పట్టిందని మురిసిపోయాడు.

పక్కింటి మేడ మీద వాంజెలిస్తా నిలబడి ఉంది. ఎనభై ఏళ్ళ మనిషి, పెళ్ళి చేసుకోలేదు, ఊరిని చేసుకుంది.

“విస్తిన్! ఏం చేస్తున్నావురా?”

“మందు కొడుతున్నా అక్కా.”

“ఆ రంగేంట్రా?”

“రంగుదేముందక్కా! ఏ రంగైతేనేం, పనిచేస్తే చాలదూ?”

వాంజెలిస్తా గుండెల మీద శిలువ గుర్తు వేసుకుంది. ఎర్ర పండగకు రెండు రోజుల ముందు, ఎర్ర వీధిలో, ముందు వరస ఎడమ చోటు మనిషి నోట ‘ఏ రంగైతేనేం’ అన్న మాట ఆమె ఎనభై ఏళ్ళలో వినలేదు. మోకాళ్ళ నొప్పులున్న మనిషి, మెట్లు రెండేసి చొప్పున దిగింది.

ఎర్ర క్లబ్బు అధ్యక్షుడు నార్దుకు మాంసం కొట్టుంది. వాంజెలిస్తా వెళ్ళేసరికి కుందేలు మాంసం కోసం అరడజనుమంది వరసలో ఉన్నారు. అందులో ఇద్దరు నీలంవాళ్ళు. కుందేలుకు రంగు పట్టింపు లేదు కదా.

“నార్దూ, నేను చూశాను, ఈ కళ్ళతో! పదకొండు గుండ్లు, నీలంవి, తోరణం కట్టినట్టు చెట్టుకు వేలాడదీశాడు. గోడకు కూడా నీలం పూశాడు. ఇదేంట్రా అంటే రంగుదేముంది అంటాడు!”

నార్దు చేతిలో కత్తి ఆగిపోయింది. వరసలో ఉన్న ఇద్దరు నీలంవాళ్ళూ కుందేలు సంగతి మరిచిపోయి బయటికి పరిగెత్తారు.

నార్దు రక్తం మరకల ఏప్రనుతోనే వచ్చి విస్తిన్ తలుపు బాదాడు. తలుపు తీసిన మనిషిని చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు. విస్తిన్ జుట్టు నీలం. కనుబొమ్మలు నీలం. భుజం మీది రొట్టె కూడా నీలం.

“ఒంటికి కూడా పూసుకున్నావూ!” అన్నాడు నార్దు, ఏడుపు గొంతుతో.

“పూసుకోలేదు బావా, పడింది. చెట్టుకు మైలుతుత్తం కొట్టాను.”

“ఏడాదికి మూడువందల అరవై ఐదు రోజులుంటే ఇవాళే దొరికిందా?”

“తెగులు పండగ చూసుకుని రాదు కదా బావా.”

“మీ నాన్నే ఉంటే…”

“మా నాన్న ద్రాక్షకు కొట్టేవాడు. ఆయన మీసాలు కూడా నీలంగానే ఉండేవి.”

“మార్చిలో! పండగకు ఐదు నెలల ముందు! ఆ ఆదివారం పూజకే కడుక్కునేవాడు!” నార్దు వేలు చూపించాడు. “విను విస్తిన్. ఆ చెట్టు వీధిలోకి కనిపిస్తోంది. రేపు పొద్దున గంట కొట్టేలోగా దాన్ని నరికెయ్. లేకపోతే ముందు వరస ఎడమ చోటు ఇంకొకడిది. సాన్ రోక్కు సాక్షిగా చెబుతున్నా.”

విస్తిన్ జవాబు చెప్పేలోపే మేడ మీంచి జుజెప్పా కేక వినిపించింది. చర్చి నుంచి వచ్చి అంగీలు తియ్యడానికి పైకి వెళ్ళిన మనిషి, అంగీలు తియ్యకుండానే కేకలు వేస్తోంది. మగవాళ్ళిద్దరూ మెట్లెక్కారు. తీగ మీద ఎనిమిది అంగీలు గాలికి చేతులూపుతూ ఉన్నాయి. ఒక్కొక్క దాని మీదా ఆకాశం రంగు చుక్కలు, పిట్టగుడ్డు మీద మచ్చల్లా.

నార్దు నీళ్ళ ట్యాంకును ఆనుకుని మెల్లగా కిందికి జారి కూర్చున్నాడు.

“ఎనిమిదీనా?” అన్నాడు.

“నా లెక్కకు ఎనిమిదే,” అంది జుజెప్పా. “నీ లెక్కకు తగ్గితే చెప్పు నార్దూ, నాక్కూడా హాయిగా ఉంటుంది.” తర్వాత మొగుడి వైపు తిరిగింది. “ఓ కన్నేసి ఉంచమన్నానా?”

“ఉంచాను.”

“దేని మీద?”

“చెట్టు మీద.”

ఆ సమయంలోనే వీధి చివర డప్పు మోగింది. దాని వెనక రెండు బాకాలు, దాని వెనక ఒక సన్నాయి. మాంసం కొట్టులోంచి పరిగెత్తిన ఇద్దరూ నీలం క్లబ్బుకు చేరవేసిన వార్త దారిలో బాగా బలిసింది. విస్తిన్ నీలంవాళ్ళలో కలిశాడనీ, ఇల్లంతా నీలం చేశాడనీ, అడ్డొచ్చిన నార్దు మీద నీలం రంగు పోశాడనీ అక్కడ చెప్పుకున్నారు. నీలం క్లబ్బు అధ్యక్షుడు ఫ్రేదు మంగలి. ఒక చెంప గీసి ఇంకో చెంప నురగతో ఉన్న మనిషిని కుర్చీలోనే వదిలేసి, చేతికందిన బ్యాండువాళ్ళను పోగేసుకుని వచ్చాడు. చంకలో ఒక డబ్బా నువ్వుల పాకం మిఠాయి.

“విస్తిన్ బాబాయ్! మా గుండెల్లోకి స్వాగతం!” అని గోడ అవతల నుంచి అరిచాడు. బ్యాండు సాన్ మత్తేవ్ పాట అందుకుంది. ఎర్ర వీధిలో ఆ పాట వినిపించడం రెండో ప్రపంచయుద్ధం అయిపోయిన నాటి నుంచి అదే మొదలు. ఎదురిళ్ళ కిటికీలు ఒక్కటొక్కటిగా తెరుచుకున్నాయి. చెంపకు నురగతోనే ఆ మనిషి కూడా వెనక నిలబడి చప్పట్లు కొడుతున్నాడు.

విస్తిన్ మేడ పిట్టగోడెక్కాడు. “నేను ఎర్రవాణ్ణి! పుట్టుక నుంచీ ఎర్రవాణ్ణి! చచ్చేదాకా ఎర్రవాణ్ణే!”

నీలం ముఖంతో, నీలం జుట్టుతో, నీలం చేతులూపుతూ అతనలా అంటుంటే, కింద ఉన్నవాళ్ళు ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు.

“ఎంత చమత్కారమో చూడండి బాబాయ్‌ది!” అన్నాడు ఫ్రేదు, కళ్ళు తుడుచుకుంటూ.

నార్దు ట్యాంకు దగ్గర నుంచి లేవలేదు. చెవులు మాత్రం మూసుకున్నాడు.

బ్యాండును మిఠాయితో సహా పంపించేశాక జుజెప్పా గౌను చేతులు పైకి మడిచింది. సబ్బుకు చుక్క కదల్లేదు. మైలుతుత్తంలో ఉండే రాగి మరక వెనిగర్‌కు కరుగుతుందని ఆమె వాళ్ళమ్మ చెప్పిన మాట గుర్తొచ్చింది. అది నిజమే. వీధిలో ఉన్న వెనిగర్ సీసాలన్నీ తొట్టిలో వంచి, ఎనిమిది అంగీలనూ ముంచి తొక్కితే చుక్కలు చక్కగా కరిగాయి. కరిగినదాన్ని కొట్టుకుపోయేలా జాడించడానికి కొళాయి తిప్పింది. ఆగస్టు నెల, మిట్టమధ్యాహ్నం. కొళాయి ఒకసారి దగ్గి ఊరుకుంది. ట్యాంకులో ఉన్న నీళ్ళు పొద్దుటి ఉతుకుకే అయిపోయాయి. మళ్ళీ నీళ్ళు వచ్చేదాకా అంగీలు ఆ తొట్టిలోనే నానాయి. సాయంత్రం పైకి తీస్తే వాటి మీద ఒక్క మరక లేదు. ఎనిమిదీ మెడ నుంచి మడమ దాకా, ఎక్కడా హెచ్చుతగ్గుల్లేకుండా, లేత నీలం.

“రంగు భలే సమంగా పట్టిందే,” అన్నాడు విస్తిన్. పనితనం తెలిసిన ఫిట్టరు కాబట్టి మనసు ఆగక ఆ మాట అన్నాడు. జుజెప్పా తడి అంగీతో ఒక్కటి వేసింది.

ఎర్ర క్లబ్బు కమిటీ అత్యవసరంగా కూర్చుంది. రెండు రోజుల్లో కొత్త అంగీలు కుట్టేవాడు ద్వీపంలో లేడు. పండగ సీజనులో దర్జీలంతా పండగల్లోనే ఉంటారు. ఊళ్ళో ఇంకో ఎనిమిది తెల్ల అంగీలు ఉన్న మాట నిజమే. అవి నీలం క్లబ్బు బీరువాలో ఉన్నాయి. అడక్కుండానే ఫ్రేదు కబురు కూడా పంపాడు, కావాలంటే ఇస్తామని.

“తెల్లవే కదా,” అన్నాడు కోశాధికారి నెమ్మదిగా.

“తెల్లవే. కానీ వాళ్ళవి!” అన్నాడు నార్దు.

“ఇవి మనవే. కానీ నీలంవి!”

“వాళ్ళ తెలుపు తొడుక్కుని మన దేవుణ్ణి మోస్తామా? ఆ చంకల్లో ఎవడి చెమట ఉందో!”

“మన నీలం తొడుక్కుని మొహం ఎలా చూపిస్తాం?”

బల్ల గుద్దుకున్నారు. ఒకరి తాతను ఒకరు తవ్వి తీశారు. ఇద్దరు రాజీనామా చేసి, బయట వేడిగా ఉందని మళ్ళీ లోపలికి వచ్చారు. చివరికి చేతులెత్తితే వాళ్ళ తెలుపుకు నాలుగు, మన నీలానికి ఐదు వచ్చాయి. సొంత అంగీలే నెగ్గాయి. ఇక చెట్టు సంగతికి వస్తే చేతులు లెక్కపెట్టాల్సిన పని లేకపోయింది. పొద్దున్నే నరకాలి, లేదా విస్తిన్ తప్పుకోవాలి.

శనివారం తెల్లారుతూనే విస్తిన్ రంపం పట్టుకుని చెట్టు ముందు నిలబడ్డాడు. బొప్పాయి మాను మెత్తన. పది రాపిళ్ళు చాలు. రంపం ఆనించాడు, తీశాడు. అడ్డం వస్తోందని ఒక సంచి విప్పాడు. లోపల కాయ కింద కొసన పసుపు తిరిగింది. వేలెడు మేర, దీపం వెలిగించబోతున్నట్టు. మూడేళ్ళ నుంచి ఎదురుచూస్తున్న పసుపు అది.

జుజెప్పా గుమ్మంలో నిలబడి ఉంది. “మీ నాన్న మోసిన చోటయ్యా.”

“తెలుసే.”

“ఇరవై ఎనిమిదేళ్ళు మోశావు.”

“అదే అనుకుంటున్నా. నేను దిగితే ఆ బొంగు కింద ఇంకో భుజం దూరుతుంది, సాన్ రోక్కు కింద పడడు. దీనికి మాత్రం నేనొక్కణ్ణే.” రంపం గోడకు ఆనించాడు. “నలభై చచ్చాక బతికిందే ఇది. దీని మెడ మీద రంపం పెట్టి వెళ్ళి దేవుణ్ణి ఎలా మొయ్యను?”

జుజెప్పా లోపలికి వెళ్ళి, మోసేటప్పుడు భుజం మీద వేసుకునే ఎర్ర మఖమలు మెత్తను దులిపి తెచ్చి అతని చేతిలో పెట్టింది. మెత్త క్లబ్బుది. తప్పుకునేవాడు దాన్ని వాపసు ఇవ్వాలి. పూజ అయ్యాక నార్దుకు ఇచ్చేద్దామని, ఇద్దరూ చర్చికి వెళ్ళి చివరి బెంచీలో కూర్చున్నారు. విస్తిన్ చెవుల వెనక నీలం ఇంకా వదల్లేదు. ఒళ్ళో మెత్త పెట్టుకుని, చంటిపిల్లను జోకొట్టినట్టు దాన్ని తడుముతూ కూర్చున్నాడు.

ఫాదరు దున్ ఆంజ్లు మా ఊరికి వచ్చి తొమ్మిదేళ్ళయింది. ఆ తొమ్మిదేళ్ళూ రెండు క్లబ్బులనూ కలుపుదామని ఆయన చేయని ప్రయత్నం లేదు. విందు పెడితే ఎవరి బల్ల వాళ్ళు ఇంటి నుంచి తెచ్చుకున్నారు. ఫుట్‌బాల్ ఆడిస్తే రిఫరీకి ఎనిమిది కుట్లు పడ్డాయి. అలాంటి మనిషికి ముందురోజు సాయంత్రం వాంజెలిస్తా వెళ్ళి, ఎర్ర మోతగాళ్ళు ఈసారి నీలం అంగీలు తొడుక్కోబోతున్నారనీ, ఫ్రేదు తన తెల్ల అంగీలు ఇస్తానన్నాడనీ, కమిటీ చేతులెత్తి మరీ నీలమే కావాలందనీ చెప్పింది. ఒక్క ముక్క కూడా అబద్ధం కాదు. ఫాదరుకు ఆ రాత్రంతా ఆనందంతో నిద్ర పట్టలేదు.

ఆయన వేదిక మీద నిలబడి రెండు చేతులూ చాచాడు.

“పిల్లలారా, తొమ్మిదేళ్ళ నుంచి నేను గోడతో మాట్లాడుతున్నాననుకున్నాను. నిన్న ఆ గోడ జవాబు చెప్పింది! రేపు సాన్ రోక్కు పల్లకిని మోసే ఎనిమిదిమందీ తమ పొరుగువాళ్ళ రంగు కట్టుకుని మోస్తారట. ఎవరూ బలవంతం పెట్టలేదు. తెల్లవి ఇస్తామన్నా వద్దన్నారట! నార్దూ, నాయనా, లేచి నిలబడు. ఈ ఊరు నీ ముఖం ఒకసారి చూడనీ!”

నార్దు లేవలేదు. పక్కవాళ్ళు లేపారు. చర్చి అంతా అతని వైపు తిరిగింది. నీలం వైపు బెంచీల్లో ఫ్రేదు తల్లి ముక్కు చీదుకుంటూ ఏడుస్తోంది. ఆ ఏడుపు చూసి నార్దు ఛాతీ దానంతటదే ఉబ్బింది.

“అదేముంది ఫాదర్,” అన్నాడు, నేల చూపులు చూస్తూ. “ఎవరో ఒకరు ముందడుగు వెయ్యాలి కదా అని…”

“ఈ ఆలోచన ఎక్కడ మొలకెత్తింది నాయనా?”

“మన విస్తిన్ పెరట్లో,” అన్నాడు నార్దు. అప్పటికప్పుడు అంతకన్నా మంచి అబద్ధం అందకపోవడంతో నిజం చెప్పేశాడు.

బయటికి రాగానే విస్తిన్ మెత్త చాచాడు. “ఇదిగో బావా, మెత్త. నేను చెట్టు నరకలేదు.”

నార్దు ఆ మెత్తను లాక్కుని మళ్ళీ అతని గుండెకే అదిమాడు. “నరకలేదు కదా? హమ్మయ్య! దాని మీద చెయ్యి వేశావంటే నీ చెయ్యి నరుకుతా!”

“నరకమన్నది నువ్వే కదా?”

“అది నిన్న.”

ఆదివారం సాయంత్రం ఎనిమిదిమంది లేత నీలం మనుషుల భుజాల మీద సాన్ రోక్కు తన కుక్కతో సహా ఊరేగాడు. ముందు వరస ఎడమ చోట విస్తిన్. ఏటా ఈ ఊరేగింపు వస్తుంటే తలుపులు బిడాయించుకునే నీలం వీధి, ఆ రోజు మూయాలో తెరవాలో తేల్చుకోలేక సగం సగం తెరుచుకుని చూసింది. తర్వాత ఎవరో పై అంతస్తు నుంచి గుప్పెడు రంగు కాగితాలు చల్లారు. దాంతో మొత్తం వీధి పూనకం పట్టినట్టు చల్లింది. నీలం బ్యాండు, ఎర్ర బ్యాండు ఒకే పాట వాయిద్దామని పూనుకుని, ఒకేసారి రెండు పాటలు వాయించాయి. వాంజెలిస్తా ఇదంతా తను ముందే చూశానని దారి పొడుగునా చెప్పుకుంటూ వచ్చింది. అది కూడా నిజమే.

మూడు రోజుల తర్వాత మొదటి బొప్పాయి పండింది. చర్చి మెట్ల దగ్గర బల్ల వేసి, నార్దు కత్తి పట్టుకుంటే ఫ్రేదు పండు పట్టుకున్నాడు. ఒక్కొక్కరికి ఒక్కొక్క పలచటి ముక్క అందింది. తియ్యగా ఉందని నార్దు అన్నాడు. తియ్యదనమే కాదు, సువాసన కూడా ఉందని ఫ్రేదు అన్నాడు. ఇలాంటి పండు రోమ్‌లో కూడా దొరకదని నార్దు అన్నాడు. ఎవరి క్లబ్బు ఎక్కువ మెచ్చుకుందో తేలక అరగంట నడిచింది. ఆ తర్వాత గింజల్ని రెండు భాగాలు చేశారు. ఒకటి మిగిలితే, ఏ వైపూ ఎక్కువ పోకుండా ఫాదరు మింగేశాడు. జిగురు తిత్తి ఎలా తియ్యాలో, దిబ్బ ఎంత ఎత్తు పొయ్యాలో విస్తిన్ రెండు వైపులకూ తిరిగి చెబుతుంటే, పుచ్చకాయల చెట్టని నవ్వినవాళ్ళంతా కాగితం మీద రాసుకున్నారు. అతని జీవితంలో అంత గొప్ప రోజు లేదు.

అప్పుడు ఫ్రేదు గొంతు సవరించుకున్నాడు.

“మంచితనంలో ఎర్ర క్లబ్బుకు మేం తీసిపోయామని రేపు ఎవరూ అనకూడదు. అందుకని మా కమిటీ నిన్న ఏకగ్రీవంగా తీర్మానించింది. వచ్చే నెల సాన్ మత్తేవ్ పల్లకికి ముందు వరస చోటు విస్తిన్ బాబాయ్‌ది! ఈ ఏడే కాదు, బాబాయ్ ఉన్నంత కాలం!”

చప్పట్లు మోగాయి. విస్తిన్ ముఖంలో రంగు పోయింది. సాన్ రోక్కు వెంట ఉండేది ఒక్క బక్క కుక్క. సాన్ మత్తేవ్ మాత్రం గట్టి ఓకు చెక్క బల్ల ముందు, చెక్క కుర్చీలో కూర్చుని, పెద్ద పుస్తకంలో రాసుకుంటూ ఉంటాడు. పక్కన నిలువెత్తు దేవదూత, రెక్కలు పూర్తిగా చాపుకుని. ఆ పల్లకి మోసినవాళ్ళు వారం రోజులు నిలబడే భోంచేస్తారని ప్రతీతి.

“నార్దు బావా,” అన్నాడు విస్తిన్, ఆశగా. “నేను ఎర్రవాణ్ణి కదా. నువ్వు ఒప్పుకోవు కదా?”

నార్దు ఒక చెయ్యి అతని భుజం మీద వేశాడు. “పొమ్మంటున్నా. పోకపోతే మనకు పెద్దమనసు లేదంటారు.”

“నాకు అరవై ఆరు, బావా.”

“వాళ్ళకు ఆ మాట చెప్పకు. భయపడ్డామనుకుంటారు.”

ఇంటికి వచ్చి జుజెప్పాతో చెబితే ఆమె చాలాసేపు పడీ పడీ నవ్వి, వచ్చే నెలకు ఈ రంగే పనికొస్తుందంటూ, తెల్లబరచడానికి నానేసిన నీలం అంగీలను తొట్టిలోంచి తీసేసింది.

వాన పడితే మా ఊళ్ళో ఊరేగింపు ఆగిపోతుంది. సెప్టెంబరు మొదటి వారం నుంచి విస్తిన్ రోజూ పొద్దున్నే బొప్పాయి పక్కన నిలబడి, ఆకాశం వైపు చూస్తూ, వాన కురిపించమని దేవుణ్ణి వేడుకున్నాడు. సాన్ రోక్కును వేడుకున్నాడా, సాన్ మత్తేవ్‌ను వేడుకున్నాడా అన్నది మాత్రం భార్యకు కూడా చెప్పలేదు.